మాస్టారు అడిగిన ఒక్క బంతి భోజనం

మా చరిత్ర మాస్టారు పోయారు. నమ్మమంటే ఎలా నమ్మను? శనివారం సాయంత్రమే ఫోన్ చేసి, "ఒప్పుకున్నారమ్మా! రెండు పార్టీలోళ్ళూ ఒప్పుకున్నారు. రేపు మనవరాలి బారసాలకి ఒక్క బంతిలో కూకుంతారు. పెందలాడే వచ్చీ" అన్నారు. ఆ గొంతులో చిన్నపిల్లాడి సంబరం. తెల్లారి పలాసలో నేను బస్సెక్కుతుంటే మళ్ళీ ఫోన్ మోగింది. ఈసారి మాట్లాడింది వాళ్ళమ్మాయి. నిద్రలోనే గుండె ఆగిపోయిందట. కొంగు నోట్లో కుక్కుకుని బస్సులో కూలబడ్డాను.

మా ఉద్దానం ఊరి సంగతి మీకు చెప్పాలి. ఊరంతా రెండు పార్టీలు. పెళ్ళి ఎవరింట్లో జరిగినా, ఈ పార్టీవాళ్ళూ ఆ పార్టీవాళ్ళూ ఒక వరసలో కూర్చుని తినరు. పందిట్లో రెండు బంతులు వేయాల్సిందే. మాస్టారు అక్షింతలు వేసి, మంచినీళ్ళైనా ముట్టకుండా వచ్చేసేవారు. "ఒక్క బంతి ఎయ్యండి, కడుపునిండా తింతాను" అనేవారు. ఎవరు వేస్తారు! ఏళ్ళ తరబడి సొంత ఊళ్ళో విందు తినలేదాయన. మహా మొండిమనిషి.

సంతబొమ్మాళి బడిలో చైనా అంతర్యుద్ధం మాకు ఆయనే చెప్పారు. పాఠం పుస్తకం భాషలో మొదలై మా భాషలోకి దిగేది. జాతీయవాదులూ కమ్యూనిస్టులూ ఒకరినొకరు చంపుకుంటుంటే మీద జపాన్ వచ్చి పడింది. అప్పుడు చేతులు కలిపారు. "జపానోడు ఎల్లిపోనాడు. మల్లీ ఒకలి మీదొకలు తుపాకులు ఎత్తేరు. ఓడిపోయినోళ్ళు సముద్రం దాటి తైవాన్ ఎల్లిపోనారు. తల్లి ఈ ఒడ్డున, కొడుకు ఆ ఒడ్డున" అంటూ కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"సీనా గొడవకి మీరేడుత్తారేటి మాస్టారూ?" అన్నాను వేళాకోళంగా.

"ఏడవనా మరి? ఆలూ మనలాగ అన్నం తినీవోళ్ళే."

పెద్ద తుఫానుకి కొబ్బరి, జీడి తోటలు నేలమట్టమైనప్పుడు రెండు పార్టీలవాళ్ళూ కలిసి దారికడ్డంగా పడ్డ చెట్లు కోశారు. ఒక్క గుండిగలో వండుకుని తిన్నారు. ఊళ్ళోకి కరెంటు తిరిగొచ్చింది, మాటలు మళ్ళీ బందయ్యాయి. "సూసేవా అమ్మా, జపానోడు ఎల్లిపోనాడు" అన్నారు మాస్టారు. నవ్వలేదు. ఆ పాఠం నాకు నిజంగా అర్థమైంది ఆ రోజే.

ఆయన పాడెను రెండు పార్టీలవాళ్ళూ మోశారు. చూస్తుంటే నాకు ఒళ్ళు మండింది. ఆయన బతికుండగా ఒక్క పెళ్ళిలోనైనా కలిసి కూర్చుంటే ఏం పోయేది వీళ్ళకి?

దినం భోజనాలకి, బారసాల కోసం తెప్పించిన అడ్డాకు విస్తర్లే వేయించింది మాస్టారి భార్య. ఒక్కటే బంతి. ఈ నాయకుడి పక్కనే ఆ నాయకుడు.

"ఈ ఒక్కపూటేనా బాబూ, రేపట్నుంచి కూడానా?" అని ఆవిడ నిలదీసింది. నాయకులిద్దరూ విస్తర్ల మీద నీళ్ళు చల్లుకున్నారు.

అన్నం వడ్డించారు. మా ఊళ్ళో బంతి మొదట కూర్చున్న పెద్దాయన ముద్ద ఎత్తందే ఎవరూ విస్తట్లో చెయ్యి పెట్టరు. ఆ చోట మాస్టారి పేరున ఆవిడ వేయించిన విస్తరి ఉంది, కూర్చునే మనిషి లేడు. అలవాటు కొద్దీ అందరూ అటే చూస్తూ కూర్చున్నారు. వేడన్నం మీద పప్పు చల్లారిపోతోంది.