షట్టర్ మీద బాకీలు

తాళాలాయన చెవి ఆనించి రెండుసార్లు తడితే ఇనప్పెట్టె సిగ్గుపడి తలుపు తీసేస్తుందని వీధంతా చెప్పుకునేది. ఆ మాట పుట్టించింది ఆయనే అయినా, తాళాల పని మాత్రం నిజంగానే వచ్చు. అందుకే రక్షణశాఖ ఆఫీసులో ఇనప్పెట్టెలు బాగుచేసే ఉద్యోగానికి ఎంపికయ్యాడు. ఇక ఒక్కటే మిగిలింది. రహస్య కాగితాల గదిలోకి పంపేముందు మనిషెలాంటివాడో, ఎవరికెంత బాకీయో విచారించి అనుమతివ్వాలి.

అక్కడే వచ్చింది చిక్కు. తాళాలాయనకు తన అప్పులన్నీ దుకాణం షట్టర్ మీద సుద్దముక్కతో రాసుకునే అలవాటు. రోజూ షట్టర్ ఎత్తేముందు ఒకసారి చదువుకుంటాడు. ఆయనొక్కడే కాదు, వీధి మొత్తం చదువుకుంటుంది.

"అప్పులున్నవాడికి ఆ ఉద్యోగం ఇవ్వరు బావా. ఎవడైనా డబ్బు ఆశ చూపి కాగితాలు లాగేస్తాడని వాళ్ల భయం. తుడిచెయ్," అన్నాడు బావమరిది.

తాళాలాయన తడిగుడ్డతో షట్టర్‌ని అద్దంలా చేశాడు.

మర్నాడు విచారణాధికారి వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు. "బాకీలేమైనా ఉన్నాయా?"

"పైసా లేదండీ. నేనే నలుగురికీ ఇస్తుంటాను."

ఆ మాట పూర్తికాకముందే టీకొట్టాయన, టైలరు, ఇంటి ఓనరమ్మ వరసగా వచ్చి నిలబడ్డారు.

"పొద్దున్న చూస్తే నా లైను లేదు. దుకాణం ఎత్తేస్తున్నావా ఏంటయ్యా?" అంది ఓనరమ్మ.

అధికారి అందర్నీ బయటికి తెచ్చి షట్టర్ దింపించాడు.

"అప్పుంటే ఎలా తీరుస్తావో చూస్తాం. దాచావనుకో, ఆ సంగతి తెలిసినవాడు నిన్ను బెదిరించి పని చేయించుకుంటాడు. మళ్లీ రాయి. నెలకెంత కడతావో కూడా రాయి."

సుద్దముక్క గోరంత అయ్యేదాకా రాశాడు. అధికారి ఫారంలోకి ఎక్కించుకుంటూ, "అయిపోయాయా?" అన్నాడు.

"అయిపోయాయండీ."

పక్క తలుపులోంచి భార్య వచ్చి, ఆ మిగిలిన సుద్ద లాక్కుని అడుగున రాసింది: గాజులు రెండు, తాకట్టు, పోయిన ఏడాది.

"అది ఇంటి విషయం కదే," అని గొణిగాడు.

"వీధికి తెలియంది అదొక్కటే కదా. రేపెవడైనా దాంతోనే బెదిరిస్తాడు."

"ఈ ఉద్యోగం మీకివ్వాల్సిందమ్మా," అన్నాడు అధికారి.

మూడు నెలలకు అనుమతి వచ్చింది. ఇప్పుడు ఇనప్పెట్టెలు తన చెవిలో దేశరహస్యాలు చెప్పుకుని ఏడుస్తాయంటాడు తాళాలాయన. ఏం చెప్పాయంటే మాత్రం పెదవి విప్పడు.

మూడో జీతం అందిన రోజు ఆఖరి లైను తుడవబోయాడు. భార్య తడిగుడ్డ వెనక్కి లాక్కుంది. గాజులు రెండూ చేతికెక్కాకే ఇచ్చింది.