సత్తయ్య తాతను కట్టేసిన కుర్చీ

2018లో చౌటుప్పల్‌లో డిమెన్షియా, అంటే మతి తప్పే జబ్బు ఉన్న ముసలివాళ్ల కోసమే ఒక సంరక్షణ కేంద్రం తెరిచాం. కిరాయి ఇల్లు, పన్నెండు మంచాలు. నేను నర్సింగ్ ఇన్‌ఛార్జిని. ముప్పై ఏళ్లు సర్కారు దవాఖానలో చేసి వచ్చాను కాబట్టి నాకు తెలియనిదేముందిలే అన్న ధీమా ఉండేది.

మూడో నెలలో సత్తయ్య తాతను కొడుకు తెచ్చి చేర్పించాడు. కేస్ షీట్‌లో బీపీ, షుగరు, వేసుకునే మాత్రలు అన్నీ రాసుకున్నాను. వృత్తి దగ్గర 'చేనేత' అని రాసి పేజీ తిప్పేశాను.

తాత పొద్దున లేవగానే వరండా అంచున కాళ్లు కిందికి వేలాడేసి కూర్చునేవాడు. పాదాలు ఒకదాని తర్వాత ఒకటి ఆడించేవాడు.

"తాతా, పడ్తవ్, లోపలికి రా" అంటే, "జర ఆగు బిడ్డా, పని మీదున్న" అనేవాడు.

ఏం పని అని నేను అడగలేదు. షీట్‌లో ఎర్ర సిరాతో 'ఫాల్ రిస్క్' అని రాసి, రోజంతా బెల్టు కుర్చీలో కట్టి కూర్చోబెట్టించాను. అలా కట్టి ఉంచడాన్ని మేం రెస్ట్రెయింట్ అంటాం. నాలుగు రోజులు గింజుకున్నాడు, తర్వాత ఊరుకున్నాడు. అలవాటు పడ్డాడని ఆయాతో గొప్పగా చెప్పాను కూడా. తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఆయన భార్య అండాలమ్మ అవ్వ కంటి ఆపరేషన్ అయి, నెలన్నరకు గానీ రాలేకపోయింది. వస్తూనే నిలబడిపోయింది.

"గీయన్నెందుకు కట్టేసిండ్రు?"

"వరండా మీది నుంచి పడతాడని, అవ్వా."

"పడుడేంది బిడ్డా? గుంట మగ్గం మనిషాయె. యాభై ఏండ్లు గుంతల కాళ్లు పెట్టి పలకలు తొక్కిండు. గట్ల కూసుంటెనే ఆయనకు పానం నిమ్మలం. ఫోన్ల అడిగినా చెప్తుంటి కదా."

మర్నాడే మేస్త్రీని పిలిచి వరండాలో మోకాలి లోతు గుంత తవ్వించాను, అడుగున రెండు పలకలు పెట్టించాను. తాతను దింపి కూర్చోబెట్టాం. పాదాలు పలకలకు ఆనాయి గానీ కదలలేదు. నెలన్నర కుర్చీలో మోకాళ్లు బిగుసుకుపోయాయి. అవ్వ పక్కన కూర్చుని ఆయన మోకాలి మీద చెయ్యి వేసింది.

"జర తొక్కరాదయ్యా, నూలు కండెలు చుట్టి పెట్టిన" అంది.

ఫిజియోథెరపీ రెండు నెలలు చేయించాం. తాత మళ్లీ నడవలేదు.

ఇప్పుడు ఎవరు చేరినా బీపీ చూడకముందే, ఏం పని చేసేవారు, ఎట్లా కూర్చునేవారు అని ఇంటివాళ్లను అడుగుతాను. కొత్త నర్సులు మంచి పద్ధతి మేడం అని మెచ్చుకుంటారు. అది ఒక మనిషి కాళ్లు పోగొట్టి నేర్చుకున్నానని వాళ్లకు ఇంతవరకూ చెప్పలేకపోయాను.