మెల్లగా వినిపించిన అరుపు

లౌరి అబర్‌మౌ రేవులో పుట్టింది. చేపలు కోసి ఉప్పు పట్టించే ఇంటి పిల్ల, దేనికీ బెదిరే రకం కాదు. కాదైర్ ఇద్రిస్ కొండ కింద గొర్రెలు కాచే రైనాల్ట్‌ను చేసుకుని అతని రాతి ఇంట్లో కాలు పెట్టాకే ఆమెకు భయం అలవాటయింది. అలవాటు చేసింది అత్తగారు బెట్సన్.

బెట్సన్ చెడ్డ మనిషేం కాదు, నోరు మాత్రం ఊరుకోదు. కోడలికి ఓట్స్ రొట్టె పలచగా ఒత్తడం నేర్పింది, పొయ్యిలో నిప్పు తెల్లారేదాకా ఆరకుండా కప్పిపెట్టడం నేర్పింది, వాటితోపాటే అన్నూన్ కుక్కల సంగతీ నేర్పింది. అన్నూన్ అంటే చచ్చినవాళ్ల లోకం. అక్కడి వేటకుక్కలకు ఒళ్లంతా తెలుపు, చెవులు ఎరుపు. ప్రాణం పోబోయే ఇంటికి వస్తాయి. దూరాన ఉన్నప్పుడు గట్టిగా అరుస్తాయి, దగ్గరికొచ్చేకొద్దీ గొంతు తగ్గిపోతుంది.

"కొండ దద్దరిల్లేలా అరిస్తే హాయిగా పడుకో. పిల్లికూన మూలిగినట్టు వినబడిందా, గుమ్మంలో ఉన్నట్టే" అనేది ముసలామె. అప్పుడు గడియ పెట్టి, జబ్బుమనిషిని మధ్యలో ఉంచుకుని అటూ ఇటూ ఆనుకుని కూర్చోవాలి. అవి పోయేదాకా ఎవరూ లేవకూడదు. లౌరి మొదట్లో నవ్వింది. లోయలో వాళ్లంతా, చాపెల్‌లో ప్రార్థనప్పుడు ముందు వరసలో కూర్చునే పెద్దలతో సహా, అదే మాట చెబుతుంటే నవ్వడం మానేసింది.

కూతురు నెస్ట్ పుట్టిన మరుసటి ఏడు, చలి మొదలయ్యే రోజుల్లో పిల్లకు కోరింత దగ్గు పట్టుకుంది. దగ్గి దగ్గి మొహం నీలంగా మారిపోయేది. అలాంటి ఒక మధ్యాహ్నం రైనాల్ట్ పైమేతలో మిగిలిన గొర్రెలను దించుకొస్తానని, తన కుక్క ఫ్లోస్‌ను తీసుకుని కొండెక్కాడు. కాసేపటికే పొగమంచు దిగింది, పెరటి గోడ కూడా కనిపించలేదు. పొద్దుగూకకముందే వస్తానన్న మనిషి రాలేదు. లౌరి కాలుగాలిన పిల్లిలా తలుపుకీ ఉయ్యాలకీ మధ్య తిరుగుతూనే ఉంది.

అప్పుడు వినబడింది, సన్నగా, ఆగి ఆగి, కుక్క అరుపు.

లౌరి చెయ్యి తలుపు మీదికి వెళ్లింది. అది ఫ్లోస్ గొంతేమోనని ఆమెకు అనిపించింది. పొరుగింటి ఇథెల్‌ను కేకేసి కొండ మీదికి పంపిద్దామనుకుంది.

"తియ్యకు" అంది బెట్సన్. "ఎంత మెల్లగా ఉందో వినబడటంలా? పిల్ల కోసం వచ్చాయి. మనవాడే అయితే దిగొస్తుంటే అరుపు పెరగాలి గానీ, ఇలా ఒక్కలా ఎందుకుంటుంది?"

పిల్ల మళ్లీ ఊపిరి అందక గిలగిల్లాడింది. లౌరికి ఇక వేరే ఆలోచన మిగల్లేదు. గడియ పెట్టేసింది. ఇద్దరూ నెస్ట్‌ను మధ్యలో పెట్టుకుని కూర్చున్నారు. అరుపు చాలాసేపు వచ్చి, బొంగురుపోయి, ఆగిపోయింది. పిల్ల నిద్రలోకి జారింది. గండం గడిచిందంటూ బెట్సన్ కోడలి తల నిమిరింది, లౌరి ఆమెను కావలించుకుని ఏడ్చింది.

తెల్లారాక ఇథెల్ వచ్చి కబురు చెప్పాడు. రైనాల్ట్ రాళ్లవాలు కింద ప్రాణం పోయి పడి ఉన్నాడు. బండ కింద నలిగిన కాలికి తన మెడగుడ్డ విప్పి తనే కట్టుకున్నాడు. అంటే పడ్డాక చాలాసేపు బతికే ఉన్నాడు. ఫ్లోస్ పక్కనే ఉందిట, ఇథెల్‌ను చూసి నోరు తెరిచింది గానీ గొంతు రాలేదుట. ఆ కుక్కల మాట మొదట పుట్టించినవాడి నోరు పడిపోను.

శవాన్ని చూడవచ్చిన వాళ్లందరికీ బెట్సన్ ఒకటే చెప్పింది: పిల్లను ఇవ్వలేదని ఆ కుక్కలు కొడుకును పట్టుకుపోయాయి. అందరూ తలలూపారు. లౌరికి ఒళ్లు మండిపోయింది. జనం వెళ్లేదాకా ఓపిక పట్టింది.

"అది ఫ్లోస్ అత్తయ్యా. మీకూ తెలుసు."

"తెలుసు" అంది బెట్సన్. "నా కొడుకు పిలిస్తే వినపడే దూరంలో ఉన్నాడనీ తెలుసు, నేనే తలుపు తియ్యనివ్వలేదనీ తెలుసు. అది తెలిసి రేపు లేచి రొట్టె ఒత్తలేనమ్మాయ్. అవి అన్నూన్ కుక్కలేనని చెప్పు నాకు."

ఆ ముసలిదాన్ని మెడపట్టి బయటికి గెంటాలనిపించింది లౌరికి. కానీ గడియ పెట్టిన చెయ్యి తనదే.

"అవే అత్తయ్యా" అంది.

ఆ ఇంట్లో ఇద్దరూ ఇంకా చాలా ఏళ్లు కలిసే బతికారు. నెస్ట్ పెరిగి పెద్దదయింది. ఎవరొచ్చినా బెట్సన్ ఆ సాయంత్రం సంగతి చెప్పేది, చెబుతూ చెబుతూ ఆగి కోడలి వైపు చూసేది. లౌరి ప్రతిసారీ అవునని, తానూ గుమ్మంలోనే విన్నానని చెప్పేది.