పైలట్ ఉద్యోగానికి కాణిపాకం ప్రమాణం

ముందే చెప్పేస్తున్నాను, నాకు అనుమానం ఎక్కువ. తిరుపతిలో ఒక హైస్కూల్లో లెక్కల టీచరుని. ఇరవై ఏళ్ళుగా పదో తరగతి పరీక్షల్లో పిల్లల చొక్కా మడతల్లోంచి, చెప్పుల్లోంచి స్లిప్పులు లాగుతున్నదాన్ని. అలాంటి నాకు మా అన్న మునిరత్నం ఫోన్ చేసి, "మే సరోజా, మన శిరీషకు ఉద్యోగం వచ్చేసినట్టే. ఇరవై లక్షలు కడితే సాలంట" అంటే ఎలా ఉంటుందో మీరే ఆలోచించండి. ఉద్యోగమంటే వాళ్ళు కదా మనకు జీతం ఇవ్వాలి, మనం ఎదురు కట్టడమేంటి? ఆ మాటే అడిగాను. "నీకు అన్నీ అనుమానాలే. అందుకే ఆ డబ్బు కట్టమన్న ఆయప్పను కాణిపాకం రమ్మన్నా. దేవుని ముందర ప్రమాణం చేస్తాడంట. ఆదివారం నువ్వూ రా" అని ఫోన్ పెట్టేశాడు.

శిరీష మా అన్న కూతురు. రెండేళ్ళ కిందట విమానం నడపడం నేర్చుకుని, రెండు వందల గంటలు ఎగిరి, కమర్షియల్ పైలట్ లైసెన్సు తెచ్చుకుంది. సరిగ్గా అప్పుడే విమాన కంపెనీలు కొత్తవాళ్ళను తీసుకోవడం ఆపేశాయి. రెండు వందల గంటలవాళ్ళను పిలిచే నాథుడే లేడు. ఇంతలో శిరీషకు చెన్నైలో ఒక కన్సల్టెంటు దొరికాడు. డబ్బు కడితే విదేశంలో ఒక చిన్న విమాన కంపెనీ కో-పైలట్ సీట్లో కూర్చోబెట్టి, నిజమైన ప్రయాణికులతో ఐదు వందల గంటలు శిక్షణ ఇస్తుందట. ఆ తర్వాత ఉద్యోగం గ్యారంటీ అట. దానికోసం మా అన్న కార్వేటినగరం దగ్గరున్న మామిడితోట అమ్మడానికి సిద్ధపడ్డాడు. నాలుగెకరాల బెంగళూరా రకం చెట్లు, ఒక్కో చెట్టుకూ బిందెతో నీళ్ళు మోసి పెంచినవి. సోమవారం రిజిస్ట్రేషన్. అంటే ఆదివారం ఆ మనిషి సరిగ్గా ప్రమాణం చేస్తే, మర్నాటికి తోట మాది కాదు.

మా జిల్లా సంగతి తెలియనివాళ్ళకు ఒక మాట. గట్టు తగాదా కానీ, ఎద్దు పోయింది కానీ, "కాణిపాకం వచ్చి ప్రమాణం చెయ్" అంటే సగం మంది అక్కడే దారికొస్తారు. వరసిద్ధి వినాయకుడి ముందు అబద్ధమాడినవాడు బాగుపడడని నమ్మకం. అందుకే ఆ కన్సల్టెంటు వెంటనే సరేనన్నాడని వినగానే అన్నకు ధైర్యం వచ్చింది, నాకు ఉన్న ధైర్యం పోయింది. అంత తేలిగ్గా ఒప్పుకున్నాడంటే దేనికి ఒప్పుకున్నట్టు?

తిరుపతి బస్టాండులో ఉదయం ఐదూ నలభైకి చిత్తూరు బస్సు ఎక్కాను. టికెట్టు నలభై రూపాయల లోపే. కాణిపాకానికి నేరుగా వెళ్ళే బస్సులూ ఉన్నాయి, కానీ అన్నా శిరీషా చిత్తూరులో కలుస్తామన్నారు. ఎడమవైపు కిటికీ దొరికింది. చంద్రగిరి దాటాక ఎండ వచ్చింది. దారి పొడవునా మామిడికాయల లోడు లారీలు గుజ్జు ఫ్యాక్టరీల వైపు పోతున్నాయి. మామూలుగా అయితే ఆ వాసనకు ప్రాణం లేచొచ్చేది. ఆ రోజు మాత్రం ప్రతి లారీలోనూ మా అన్న కాయలే కనబడ్డాయి. బస్సు టికెట్టు వెనక పెన్నుతో ప్రశ్నలు రాసుకుంటూ కూర్చున్నాను. మూడు ప్రశ్నలకే చోటు అయిపోయింది.

ఏడూ నలభైకి చిత్తూరు. అన్న తెల్ల చొక్కా వేసుకుని, పెళ్ళిచూపులకు వచ్చినట్టు వచ్చాడు. శిరీష కళ్ళ కింద నల్లగా ఉంది. "నిద్ర పట్టలేదా?" అంటే "బస్సు లేటత్తా" అంది. బస్టాండు ఎదురుగా చిన్న హోటల్లో ఇడ్లీ తిన్నాం, ప్లేటు పన్నెండు రూపాయలు, వేరుశనగ చట్నీ ఎంత అడిగినా విసుక్కోకుండా వేశారు. శిరీష ఒక్క ఇడ్లీతో సరిపెట్టింది. అక్కడినుంచి కాణిపాకం పన్నెండు కిలోమీటర్ల లోపే. షేర్ ఆటోలో మనిషికి పది రూపాయలు, నిండేదాకా కదలదు. మేం ముగ్గురం కలిసి ఎనభైకి మాట్లాడుకుని వెళ్ళిపోయాం.

ఆటో అతను వెనక్కి తిరక్కుండానే కనిపెట్టేశాడు. "ప్రమాణానికా అమ్మా? ముఖాలు సూస్తే తెలస్తాది. దర్శనానికి పొయ్యేవాళ్ళు ఆటోలో మాట్లాడతారు." నేను అవునన్నాను. "అయితే ఒగ మాట ఇనుకోండి. ప్రమాణం మాటలు మీరే సెప్పండి, ఆయప్పను సెప్పనీయద్దు. మా ఊర్లో బాయికాడ మోటారు పోయింది. ఎత్తుకుపోయినోడు ఈడికొచ్చి 'మోటారు నా ఇంట్లో లేదు' అని దర్జాగా ప్రమాణం చేసినాడు. నిజమే కదా, ముందురోజే అమ్మేసినాడు!" అన్న నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. ఎవరు ఏ మాట అంటారో ఒక్క అక్షరం వదలకూడదని గట్టిగా అనుకున్నాను.

తొమ్మిదికల్లా గుడి దగ్గర దిగాం. ఆదివారం కదా, కొబ్బరికాయల అంగళ్ళ ముందు ఇసుక వేస్తే రాలనంత జనం. పదింటికి కన్సల్టెంటు కారులో వచ్చాడు. నలభై ఏళ్ళుంటాయి, నెమ్మదైన మనిషి. కొత్త పంచె కట్టుకొచ్చాడు, మడతలు ఇంకా విప్పినట్టు లేదు. నాకు ఆ మడతల మీద కూడా అనుమానమే వచ్చింది. అన్నకు దండం పెట్టి, జేబులోంచి టైపు చేసిన కాగితం తీశాడు. "మేడం, ఏమని ప్రమాణం చేస్తానో రాసుకొచ్చాను. చదవండి. సరే అంటే స్నానం చేసి లోపలికి వెళ్దాం."

అదిగో, మాటలు తనే రాసుకొచ్చాడు! ఆటో అతను ఎంత మంచివాడు! కాగితం మూడుసార్లు చదివాను. ఐదు వందల గంటలు ఎగరనిస్తాం, ఆ గంటలు లాగ్‌బుక్కులో నిజంగా ఎక్కుతాయి, మధ్యలో ఆపితే మిగతా డబ్బు తిరిగి ఇస్తాం. అంతే. కాగితం వెనక్కి తిప్పి కూడా చూశాను.

"ఉద్యోగం మాట ఏదీ?" అన్నాను.

"అది నా చేతిలో లేదు మేడం."

"సరే. మా పిల్ల కూర్చోబోయే సీట్లో ఇప్పుడు ఎవరున్నారు?"

"మీలాగే డబ్బు కట్టిన ఇంకో అబ్బాయి."

"మా పిల్ల గంటలు అయిపోయాక?"

"ఇంకొకరు వస్తారు."

"డబ్బు కట్టి మరీ కూర్చునేవాళ్ళు వరుసలో ఉంటే, జీతమిచ్చి మా పిల్లను ఎందుకు పెట్టుకుంటారయ్యా?"

ఇక దొరికిపోయాడు, తడబడతాడు అనుకున్నాను. తడబడలేదు. "ఆ కంపెనీ పెట్టుకోదు మేడం. గంటలు ఉన్నాయని వేరే కంపెనీలు పిలవచ్చు, పిలవకపోవచ్చు. నేను పంపినవాళ్ళలో కొందరికి ఉద్యోగం వచ్చింది. కొందరు ఇంకా ఇంట్లోనే ఉన్నారు" అన్నాడు. అబద్ధమాడితే తిట్టి పంపుదామని వచ్చినదాన్ని, నిజం చెబుతుంటే ఏం చెయ్యాలో తోచలేదు. ఒళ్ళు మండిపోయింది.

అన్న ముఖం పాలిపోయింది. "గ్యారంటీ అని సెప్పినావంట కదప్పా?"

"నేనా? లేదు సార్. ఎప్పుడూ అనలేదు. మొదటిరోజే అమ్మాయికి విడమరిచి చెప్పాను, గంటలు మాత్రమే ఇస్తాం, ఉద్యోగం కాదు అని. కావాలంటే అమ్మాయినే అడగండి."

అన్న అడగలేదు. నేనూ అడగలేదు. శిరీష తన చెప్పుల వైపు చూస్తూ నిలబడింది. పరీక్ష హాల్లో స్లిప్పు ఉన్న పిల్ల ఎలా నిలబడుతుందో నాకు తెలుసు. ఇరవై ఏళ్ళు అదే పని చేసిన నాకు, పొద్దున్నించీ పక్కనే కూర్చున్న ఈ పిల్ల మీద గోరంత అనుమానం కూడా రాలేదు. ఇడ్లీ తినకపోయినా రాలేదు.

"నేనే సెప్పినా నాయనా," అంది చివరికి. "గ్యారంటీ లేదంటే నువ్వు తోట అమ్మవు కదా. ఎగరక రెండేళ్ళాయ. ఇంకొన్నాళ్ళు ఇట్లే ఉంటే చేతులు మరిసిపోతాయి. పొద్దన్నే కాఫీ తాగతా అడుగుతావు, ఉద్యోగం ఏమైంది పాపా అని. రోజూ అడుగుతావు. ఏమీ కాలేదని ఎన్నిసార్లు సెప్పేది? గంటలుంటే యాడో ఒక సోట పిలస్తారు, తోట మళ్ళీ కొనిద్దాములే అనుకున్నా." చెబుతూ చెబుతూ ఏడ్చేసింది.

కన్సల్టెంటు ఇబ్బందిగా కదిలాడు. "సార్, నేను ప్రమాణం చెయ్యమంటారా?"

"వద్దులే అప్పా. నువ్వు నిజమే సెప్పినావు. పోయిరా," అన్నాడు అన్న. ఆ మనిషి దండం పెట్టి, కాగితం మడిచి, కారెక్కి వెళ్ళిపోయాడు. మా అన్న కోపం నాకు తెలుసు. ఇప్పుడు శిరీషను లోపలికి తీసుకెళ్ళి ఇంకెప్పుడూ అబద్ధం చెప్పనని ఒట్టు పెట్టిస్తాడనుకున్నాను. శిరీష కూడా అదే అనుకున్నట్టుంది, కళ్ళు తుడుచుకుని ముందుకు నడిచింది.

ఉచిత దర్శనం వరుసలో నలభై నిమిషాలు పట్టింది. ప్రత్యేక దర్శనం టికెట్టు కొంటే త్వరగా అవుతుంది, ఆ రోజు మా ముగ్గురికీ త్వరగా అవ్వాలని లేదు. గర్భగుడి ముందుకు వచ్చాక అన్న శిరీష చెయ్యి వదిలేసి, తనే ముందుకు జరిగి, చుట్టూ ఉన్నవాళ్ళకు వినబడేలా అన్నాడు. "సామీ, ఉద్యోగం ఏమైందని పాపను ఇంక నేను అడగను. ఊర్లో ఎవురడిగినా నేనే జవాబు సెప్పుకుంటా. ప్రమాణం."

వెనకవాళ్ళు "జరగండమ్మా, జరగండి" అని తోస్తుంటే బయటికి వచ్చేశాం. శిరీష వాళ్ళ నాయన భుజం పట్టుకుని నడిచింది. బయట పులిహోర కొని మెట్ల మీద కూర్చున్నాం. ఈసారి శిరీష తిన్నది. సగం తిన్నాక అన్న అడిగాడు, "పాపా, విమానంలో కో-పైలట్ కుడిపక్క కూసుంటాడా, ఎడంపక్కా?" రెండేళ్ళలో ఆయన ఎగరడం గురించి అడగడం అదే మొదటిసారి అని శిరీష తర్వాత నాకు చెప్పింది. ఒంటిగంటన్నర బస్సుకు నేను తిరుపతి వచ్చేశాను. సోమవారం రిజిస్ట్రేషన్ జరగలేదు.

డబ్బు కట్టే ఈ శిక్షణలతో కొత్త పైలట్లకు ఉద్యోగాలు వస్తాయా అని ఈ మధ్య నన్ను అడిగేవాళ్ళు ఎక్కువయ్యారు. నాకు తెలిసింది ఒక్కటే. అవి గంటలు ఇస్తాయి. గంటలు వేరు, ఉద్యోగం వేరు. మీ సీటు కోసం వెనక ఇంకొకరు డబ్బు పట్టుకుని నిలబడి ఉన్నంతకాలం ఆ సీటు మీది అవుతుందని నాకు నమ్మకం లేదు. శిరీష ఇప్పుడు ఈ ఏడాది కాయలమ్మిన డబ్బుతో, లైసెన్సు చెడకుండా ఉండేంత వరకు, నెలకు కొన్ని గంటలు ఎగురుతోంది. ఉద్యోగం వచ్చిందా అని మాత్రం అడక్కండి, మా ఇంట్లో ఆ ప్రశ్న ఎవరూ వెయ్యరు. కాణిపాకం వెళ్ళేవాళ్ళకు నా సలహా ఇది. ప్రమాణం చేయించే ముందు ఏ మాట మీద చేయించాలో కాగితం మీద రాసుకోండి. ఆ మాట మీకు ఎవరు చెప్పారో కూడా పక్కనే రాసుకోండి. ఆ రోజు నా బస్సు టికెట్టు వెనక మూడు ప్రశ్నలు ఉన్నాయి, ఆ పేరు మాత్రం లేదు.