పిక్క పట్టిన బ్యాండు మాస్టరు

ఆ ఊళ్ళో దుకాణం తెరిచినా, పెళ్ళి జరిగినా, బడిపిల్లలు కప్పు గెలిచినా వీధిలో అందరికంటే ముందు నడిచేది బూరబాబాయే. ఎర్ర కోటు, భుజాల మీద బంగారు కుచ్చులు, చేతిలో తళతళలాడే ట్రంపెట్. వెనకాల బ్యాండు. యాభై దాటినా మనిషి ఠీవిగా నడుస్తుంటే ఆ వీధి మొత్తం ఆయన పేర రాసిచ్చినట్టుండేది.

అలాంటి మనిషికి ఒక సాయంత్రం, పెళ్ళి ఊరేగింపు నట్టనడుమ, కుడి పిక్క పట్టేసింది. లోపల ఎవరో గుడ్డ పిండినట్టు ఒకటే మెలి. ఆగితే పరువు పోతుంది, నడిస్తే ప్రాణం పోతుంది. ఏం చెయ్యాలో తోచక బాబాయి ట్రంపెట్ ఆకాశానికెత్తి, ఒకే స్వరాన్ని ఊపిరి ఉన్నంతసేపూ లాగాడు. బ్యాండు బిత్తరపోయి ఆగింది. డోలు వాయించే బావమరిది మాత్రం చేతులు ఊరుకోక చిటపటలు మొదలెట్టాడు. పెళ్ళికొడుకు మేనత్త చెప్పులు విడిచి చిందేసింది. ఇంకేముంది! తాతలు, తోడికోడళ్ళు, కారు డ్రైవరు, అందరూ రోడ్డు మధ్యకొచ్చి ఊగిపోయారు. ఈలోపు పిక్క వదిలేసింది. బాబాయి ఏమీ ఎరగనట్టు కదిలాడు. రెండు వీధులు దాటాక మళ్ళీ పట్టింది. మళ్ళీ స్వరం, మళ్ళీ చిందులు.

ఆ దెబ్బతో ఊరంతా ఒకటే మాట: “మాకు ఆ ఆగే బ్యాండే కావాలి!” పక్కపేట బ్యాండు మాస్టరు, పుట్టి బుద్ధెరిగాక ఎవరినీ మెచ్చుకోనివాడు, ఇంటికొచ్చి మరీ గుసగుసగా అడిగాడు: “ఎక్కడ ఆగాలో నీకెలా తెలుస్తుంది బాబాయ్?”

“లోపల్నించి తెలుస్తుందిరా” అన్నాడు బాబాయి గంభీరంగా. అబద్ధమేం కాదు గదా!

భార్య మాత్రం నమ్మలేదు. “కాలు ఈడుస్తున్నారేంటి?” అని అడిగితే బూట్లు బిగుతన్నాడు. కొత్త బూట్లు కొనిపెడితే మేజోళ్ళు బిగుతన్నాడు. పోను పోను రెండు వీధులు కాస్తా ఒక వీధైంది, ఆపైన సగం వీధైంది. “మీ ఆగడాలు మరీ ఎక్కువయ్యాయి” అంది ఆవిడ. ఆ మాటకు బావమరిది నవ్వాపుకోలేక డోలు మీద పడ్డాడు.

అప్పుడే ఊళ్ళోకి కొత్తగా ఒక డాక్టరమ్మ వచ్చింది. క్లినిక్ తెరిచే రోజున బాబాయి బ్యాండునే పెట్టుకుంది. ఆయన పక్కనే నడుస్తూ, ఆగినప్పుడల్లా ఆయన ముఖం కేసీ కాలి కేసీ మార్చి మార్చి చూసింది.

“ఆగిన ప్రతిసారీ పిక్క పట్టుకుంటున్నారేమండీ?”

“స్టయిలమ్మా.”

“కాసేపు ఆగితే నొప్పి పోతుందా?”

“ఠక్కున పోతుంది!” అనేసి నాలిక్కరుచుకున్నాడు బాబాయి.

రిబ్బను కత్తిరించిన కత్తెర ఇంకా చేతిలో ఉండగానే ఆమె ఆయన్ని లోపలికి తీసుకుపోయింది. ఆ క్లినిక్ మొదటి పేషెంటు బంగారు కుచ్చులతో సహా బల్లెక్కాడు. పాదాల మీద నాడి వెతికితే, ఎడమ పాదంలో చక్కగా పలికింది, కుడి పాదంలో దాగుడుమూతలాడింది. తర్వాత ఆమె చూపు ఆయన కనురెప్పల మీద, ముక్కు పక్కగా ఉన్న పసుప్పచ్చ మచ్చల మీద ఆగింది.

“అవా? మా వంశం ముద్రమ్మా” అన్నాడు బాబాయి గొప్పగా. “మా నాన్నకుండేవి, అక్కకున్నాయి. బంగారప్పొడి చల్లినట్టున్నాయని మా అమ్మ మురిసిపోయేది.”

“నాన్నగారు ఎలా పోయారు?”

బాబాయి ముఖంలో నవ్వు వాడిపోయింది. “గుండె పట్టుకుని కూలబడ్డాడమ్మా. నాకంటే చిన్న వయసులోనే.”

డాక్టరమ్మ స్టూలు దగ్గరకు లాక్కుని కూర్చుంది. “మచ్చలున్నంత మాత్రాన కొలెస్ట్రాల్ ఎక్కువని తేల్చి చెప్పలేం. ఎక్కువున్నవాళ్ళల్లో చాలామందికి అసలు ఏ గుర్తూ కనపడదు. రక్తం చూస్తేనే తెలిసేది. కానీ పిక్క నొప్పి, మచ్చలు, నాన్నగారి సంగతి, ఇన్ని ఒక్కచోట చేరాక చూడకుండా మిమ్మల్ని వదలను.”

చూస్తే కొలెస్ట్రాల్ చుక్కలంటింది. కాలికి నెత్తురు తీసుకెళ్ళే గొట్టం సన్నబడిందని ఇంకో పరీక్షలో తేలింది. “బూట్లు బిగుతన్నారు! బిగిసింది లోపలి గొట్టాలండీ!” అని భార్య ఏడవలేక నవ్వింది.

రోజూ మాత్ర వేసుకోవాలి. సిగరెట్టు మానాలి. నూనెలో తేలినవాటికి నమస్కారం పెట్టాలి. ఇవన్నీ బాబాయి తలొంచుకుని విన్నాడు. “ఇక నడక. నొప్పి బాగా వచ్చేదాకా నడవండి, ఆగండి, తగ్గాక మళ్ళీ నడవండి. రోజూ ఇదే పని” అంది డాక్టరమ్మ.

బాబాయి తల పైకెత్తాడు. “అంటే ఇన్నాళ్ళూ నేను చేసింది వైద్యమా అమ్మా?”

“సగం వైద్యం. మిగతా సగం మాత్రలో ఉంది. ఊరికే కూర్చున్నప్పుడు కాలు నొప్పెట్టినా, ఛాతీలో పట్టేసినట్టున్నా మాత్రం స్వరం తీస్తూ నిలబడకండి. వెంటనే ఆస్పత్రికి మోయించుకెళ్ళండి.”

బయట ఎదురుచూస్తున్న బ్యాండుకు ఆ సంగతి చెబితే, బావమరిది అక్కడే డోలందుకున్నాడు.

బాబాయి తిన్నగా అక్క ఇంటికి వెళ్ళాడు. అక్కకు సూదంటే చచ్చేంత భయం. “నాకే నొప్పీ లేదు. నాకెందుకురా?” అంది.

“నాన్నకూ లేదు గదక్కా, ఆ రోజుదాకా.”

అక్క లేచి చెప్పులేసుకుంది. లాబులో సూది దిగుతుంటే తమ్ముడి చెయ్యి పట్టుకుని ఎంత పెద్ద కేక పెట్టిందంటే, అంత స్వరం తన ట్రంపెట్‌లోనూ పలకదని బాబాయి ఒప్పుకున్నాడు. ఆవిడకూ కొలెస్ట్రాల్ ఎక్కువే ఉంది. ఆవిడ కొడుక్కీ ఉంది. బాబాయి కూతురికి లేదు.

అప్పట్నించీ అక్కాతమ్ముళ్ళు పొద్దున్నే నడక పెట్టుకున్నారు. మొదట్లో సగం వీధికో అరుగు. తర్వాత వీధికొకటి. అరుగరుగుకూ చిన్ననాటి తగాదా ఒకటి తవ్వి, తేల్చుకుని లేచేవాళ్ళు. కొన్ని నెలలు గడిచాక ఒక పొద్దున, చిన్నప్పుడు సైకిలు విరగ్గొట్టింది నువ్వంటే నువ్వని వాదించుకుంటూ ఊరి చివరి వంతెన దాటేశారు.

“ఒరేయ్, ఎక్కడికొచ్చాంరా మనం?” అంది అక్క.

బాబాయి వెనక్కి తిరిగి చూశాడు. వంగి పిక్క తడిమాడు. అది కిక్కురుమనలేదు.

“ఏమో అక్కా, ఇదేదో వేరే ఊరల్లే ఉంది!”

ఇద్దరూ నడిరోడ్డు మీద ఒకరి భుజం ఒకరు పట్టుకుని, కళ్ళ వెంట నీళ్ళొచ్చేదాకా నవ్వారు.