అల్సరేనండి మాస్టారూ

మా ఇంగ్లీషు మాస్టారు మొన్న రేపల్లెలో పోయారు. కబురు తెలిసిన కాసేపటికే మా తెనాలి బ్యాచ్ వాట్సాప్ గ్రూపు నిండా ‘మృదుభాషి’, ‘కరుణామూర్తి’ అంటూ మెసేజీలు వచ్చిపడ్డాయి. నాకు ఏడుపుతో పాటు నవ్వూ వచ్చింది. ఆ కరుణామూర్తి చేతిలో ఏడవనివాళ్లు ఆ గ్రూపులో ఒక్కరూ లేరు.

శనివారం ఆయన క్లాసంటే మాకు హడలు. బోర్డు మీద ఒక పక్క సీమ్, ప్రిటెండ్, అపేరెంట్ అని రాసేవారు. రెండో పక్క రియల్, యాక్చువల్, జెన్యూన్. పైకి కనిపించేది ఇటు, నిజంగా ఉన్నది అటు. అర్థాలు చెప్పేవారు కాదు. మాలో ఒకరిని లేపి, వాళ్ల మీదే వాక్యం కట్టేవారు. చుండూరు నుంచి వచ్చే ఒకమ్మాయి తమకి బోలెడు పొలముందని చెప్పుకునేది. “ప్రిటెండ్ అంటే ఇదిగో, ఈ పిల్ల. ఆ పొలంలో వీళ్ల నాన్న కూలికెళ్తాడు, నేను చూశాను” అన్నారు. సోమవారం నుంచి ఆ అమ్మాయి బడికి రాలేదు. ఎక్కడుందో నాకిప్పటికీ తెలియదు.

తర్వాత నా వంతు వచ్చింది. “అపేరెంట్ అంటే ఇది. చూడ్డానికి తెలివైంది. బుర్రలో ఉన్నదంతా బట్టీ. ఒక్క ముక్క మార్చి అడగండి, నోరు పెగలదు.” క్లాసంతా నవ్వింది. అంగలకుదురులో మా ఇంటిదాకా ఏడుస్తూ సైకిలు తొక్కాను. ఆ ఏడాదంతా నా పేరు అపేరెంటే. ఆ కసితోనే బట్టీ మానేశాను. అర్థం కానిది అర్థం కాలేదని చెప్పడం నేర్చుకున్నాను. నేను డాక్టర్నయ్యానంటే సగం ఆ అవమానం పుణ్యమే, ఒప్పుకుంటాను. క్షమించానని మాత్రం చెప్పలేను.

ఎవరిని ఏడిపించినా చివర ఒకటే మాట అనేవారు: “నిజం చెబితే ఎవరూ చావరు.”

ఈ వేసవిలో ఆయన్ని నేను పనిచేసే బాపట్ల ఆసుపత్రికే తెచ్చారు. కాలేయం నిండా క్యాన్సర్. మాస్టారి భార్య వరండాలో నా చేతులు పట్టుకున్నారు.

“అల్సర్ అని చెప్పామమ్మా. నువ్వూ అదే చెప్పు. తెలిస్తే తట్టుకోలేరు.”

“తట్టుకోలేనిది మాస్టారా అండీ?” అన్నాను. ఆవిడ చేతులు వదిలేశారు.

లోపలికి వెళ్లగానే ఆయనే అడిగారు. “ఏంటే అపేరెంటూ, నాకేంటి? అందరూ అల్సరంటున్నారు. నువ్వు నా దగ్గర చదువుకున్నదానివి, నిజం చెప్పు.”

“క్యాన్సరండి. బాగా పాకింది. ఆపరేషన్‌కి వీల్లేదు. వర్షాకాలం దాటడం కష్టం.”

ఆయన క్లాసులో చెప్పినట్టే, కళ్లలోకి చూస్తూ, తడబడకుండా చెప్పాను.

“ఒకసారి బయటికెళ్లి రా అమ్మా” అన్నారు. వెళ్లి వచ్చాను.

“ఇప్పుడు చెప్పు.”

“ఏం చెప్పమంటారండీ?”

“మా ఆవిడ చెప్పమన్నదే.”

“అల్సరేనండి మాస్టారూ. తగ్గిపోతుంది.”

“అలా కాదు. నమ్మేట్టు చెప్పు.”

మళ్లీ చెప్పాను. నా చెయ్యి గట్టిగా పట్టుకుని పసిపిల్లాడిలా తలూపారు. ఆ క్షణంలో ఆయన మీద జాలి కన్నా కోపమే ఎక్కువ వచ్చింది.

డిశ్చార్జి అయ్యేదాకా రోజూ నా చేత ఆ మాట చెప్పించుకున్నారు. పొద్దున్నే నేను రౌండ్స్‌కి వెళ్లేసరికి మొహం కడిగించుకుని, తల దువ్వించుకుని, తలుపు వైపే చూస్తూ కూర్చునేవారు.