బెళుగుప్ప మబ్బుకు బెంగళూరు దూరం

రెండు వేల సంవత్సరం దాటాక వచ్చిన కరువు ఏళ్లలో ఒక ఆగస్టున, వైమానిక దళం నుంచి రిటైరైన నన్ను ఒక ప్రైవేటు కంపెనీ మేఘమథనం విమానానికి పైలట్‌గా అనంతపురం జిల్లా పనికి వేసింది.

పని చెప్పడానికి తేలిక. అనంతపురంలో రాడార్ చూసే అధికారి, నీళ్లున్న మబ్బు కనబడగానే ఫోన్ చేస్తాడు. మేం వెళ్లి మబ్బు అడుగున తిరుగుతూ రెక్కలకు బిగించిన, ఉప్పు కూరిన ఫ్లేర్లనే గొట్టాలు వెలిగిస్తాం. ఆ ఉప్పుపొగ పైకి పోయి తేమను చినుకులుగా కూడగడుతుంది. మబ్బే లేకపోతే మేం చేసేదేమీ లేదు.

విమానాన్ని బెంగళూరులో ఉంచారు. అక్కడినుంచి మా పని పడిన బెళుగుప్ప మండలం మీదికి అరగంట. అది గాలిలో ఉండే సమయం మాత్రమే. పైలట్లు ఇంజన్ వేసినప్పటినుంచి లెక్కవేస్తారు. పెద్ద విమానాల వెనక వరసలో నిలబడి, టవర్ అనుమతి కోసం కాచుకుని లేచేసరికి ఇంకో అరగంట పోయేది. ఆ మెట్టనేల మీద మధ్యాహ్నం పుట్టే మబ్బు అంతసేపు నిలవదు. మేం చేరేసరికి చాలాసార్లు పీలికలే మిగిలేవి.

కింద జనానికి ఇంకోలా కనబడింది. మండలాఫీసు ముందు గుమిగూడారు. జవాబు చెప్పమని నన్ను పిలిపించారు. తిప్పేస్వామి అనే వేరుశనగ రైతు ముందుకొచ్చాడు.

“ఏమప్పా, మీ ఇమానం వస్తానే మబ్బు పోతాది. మేం మీకేం చేసినాం?”

విమానం మబ్బును తరమడం లేదని, ఆలస్యంగా వస్తోందని చెప్పాను.

“ముందే రాకూడదా? శెనిక్కాయ ఊడలు నేల్లోకి దిగతాండాయి. ఇప్పుడు తడి లేకుంటే కాయ పట్టదు. దగ్గర్లో యాడా దిగే చోటు లేదా?”

పుట్టపర్తిలో ఉందని, అక్కడికి మార్చమని వచ్చినప్పటినుంచీ అడుగుతున్నానని చెప్పాను.

“ఎవర్ని అడగల్లో చెప్పు. మేమూ వస్తాం.”

వచ్చాడు. నాతోపాటు అనంతపురంలో ఆఫీసుల వరండాల్లో కూర్చున్నాడు. నిలుపుకోవడానికి ఒకరు, ఇంధనానికి ఒకరు, కాపలాకు ఒకరు అనుమతి ఇవ్వాలి. ఒక సంతకం పడితేగాని ఇంకొకరు ఫైలు ముట్టరు. చివరికి మార్చారు. అప్పటికి ఆగస్టు దాటిపోయింది.

పుట్టపర్తి నుంచి మొదటిసారి లేచిన రోజు పావుగంటలో బెళుగుప్ప మీదున్నాం. మబ్బు ఇంకా పెరుగుతోంది, అడుగు నల్లగా, చదునుగా ఉంది. ఫ్లేర్లు వెలిగించాం. తిరుగు దారి పట్టేసరికి కింద నేల కనబడనంత వాన.

మర్నాడు జీపులో వెళ్లాను. తిప్పేస్వామి చేనులో ఎద్దులు కాయ పట్టని వేరుశనగ మేస్తున్నాయి. ఆయనే వదిలాడు.

“వాన బాగా పడింది సారూ. పంట పోయినా, గడ్డన్నా మొలుస్తాది,” అన్నాడు.

ఆ వాన మేం కురిపించిందా, మబ్బు తానే కురిసిందా అని ఆయన అడగలేదు.

తర్వాత మరికొన్నేళ్లు ఇదే పని చేశాను. ఒప్పుకునే ముందు విమానం ఎక్కడ నిలుపుతారని అడిగేవాణ్ణి. ఆ సంగతి వానాకాలానికి ముందే తేలాలి. విత్తనం పడ్డాక అడిగే అనుమతి పంటకు అందదు.